ఫార్మాట్ కొట్టడం ఒక్కటే మందా?

మన హాస్టళ్లలో కంప్యూటరుకు ఏ జబ్బొచ్చినా ఒకటే మందు. ఫార్మాట్. తెర నల్లబడితే ఫార్మాట్. గడియారం తప్పు చూపిస్తే ఫార్మాట్. రెండు ఆపరేటింగ్ సిస్టంలలో ఒకటి లేవకపోతే రెంటికీ కలిపి ఫార్మాట్. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టుంది ఈ వైద్యం. నిప్పు పెట్టినవాడు తన కూలి తాను తీసుకుని పోతాడు. కాలిపోయేది మాత్రం మన ఇల్లు.

ఈ వార్షికోత్సవ సంచికలో చదువు గురించి, ఉద్యోగాల గురించి, హాస్టల్ మెస్సు గురించి చాలామంది రాస్తారు. నేను కంప్యూటరు గదిలో మూలనున్న ఆ సీపీయూ పెట్టె గురించి రాస్తున్నాను. నా అభిప్రాయం రెండు మాటల్లో చెప్పేస్తాను. ఒకటి, మన ప్రతి హాస్టల్ కంప్యూటరులోనూ రెండు వేర్వేరు డ్రైవుల్లో రెండు ఆపరేటింగ్ సిస్టంలు ఉండాలి. రెండు, అవి మొరాయించినప్పుడు బాగుచేసే పని మనకే రావాలి. మొదటిది ఖర్చుతో అయ్యే పని. రెండోది ధైర్యంతో అయ్యే పని. మనకు ఎక్కువ కొరతగా ఉన్నది రెండోదే.

ఫార్మాట్‌తో పోయేదేమిటి?

దుకాణం అతనికి అది ఒక డిస్కు. మనకు ఏమిటో చూడండి. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ పత్రాల స్కాన్ కాపీలు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, హాల్ టికెట్లు అందులోనే ఉంటాయి. సీనియర్లు వదిలివెళ్లిన గ్రూప్-2 నోట్సు, డీఎస్సీ మెటీరియల్, పాత ప్రశ్నపత్రాలు ఉంటాయి. ఈ సంచిక పాత పేజీలు కూడా అందులోనే ఉంటాయి. ఇంట్లో సొంత కంప్యూటరు ఉన్నవాడికి హాస్టల్ కంప్యూటరు రెండోది. మనలో చాలామందికి అదే మొదటిది, అదే చివరిది.

బాలికల హాస్టల్‌లో ఉండే ఒక అక్క ఎం.ఏ. డిసర్టేషన్ చిత్తూరు జిల్లా మామిడి రైతుల మీద రాసింది. సమర్పించడానికి రెండు వారాలుందనగా కంప్యూటరు లేవలేదు. దుకాణానికి పంపారు. సాయంత్రానికి బాగై వచ్చింది, లోపల ఏమీ లేకుండా. చేతిరాత కాగితాలు పెట్టుకుని ఆమె రాత్రింబవళ్లు కూర్చుని మళ్లీ టైపు చేసింది. పేజీలు తిరిగొచ్చాయి. కానీ తోటలు తిరిగి రైతులతో మాట్లాడి రికార్డు చేసుకున్న గొంతులు తిరిగి రాలేదు. ఆ రోజు ఆ డిస్కు నిజంగా చచ్చిందా, బతికే ఉందా అని ఎవరూ చూడలేదు. చూడమని అడగాలని మనకూ తెలియదు.

నా బాధ ఇక్కడే. దుకాణాల మీద నాకు కోపం లేదు. రోజుకు ఇరవై పెట్టెలు చూసేవాడికి ఒక్కో పెట్టె దగ్గర గంట కూర్చునే తీరిక ఉండదు. ఫార్మాట్ కొడితే పని ఖాయంగా అవుతుంది. జబ్బు ఎక్కడుందో వెతకడానికి ఓపిక కావాలి, ఆ ఓపిక సొంతదారుకే ఉంటుంది. మన పుత్తూరులో ఎముకలకు కట్టు కట్టేవాళ్లు ముందు చేత్తో తడిమి విరుపు ఎక్కడుందో చూస్తారు, తర్వాతే బద్దలు పెట్టి కట్టు కడతారు. చెయ్యి విరిగిందని వచ్చినవాడికి ఒళ్లంతా కట్టు కట్టరు కదా!

రెండు సిస్టంలు ఎందుకు?

ఒక వరలో రెండు కత్తులు ఇమడవంటారు. నిజమే. అందుకే రెండు వరలు పెట్టమంటున్నాను.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ ఇచ్చే ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, 4 జీబీ ర్యాము ఉండాలి, ప్రాసెసరు వాళ్ల జాబితాలో ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో ఆ జాబితా దాదాపుగా ఎనిమిదో తరం నుంచి మొదలవుతుంది. అది 2017లో బయటికొచ్చిన తరం. పూర్వ విద్యార్థులు చందాలు వేసుకుని కొనిచ్చినవి, ఆఫీసుల్లో వాడి మనకు దానంగా ఇచ్చినవి చాలావరకు అంతకంటే పాతవి. అవి పనికిరాని పెట్టెలు కావు. వాటి మీద లైనక్స్ హాయిగా నడుస్తుంది. లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి 1991లో మొదలుపెట్టిన పని అది. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ఉద్యమంతో కలిసి ఇవాళ ప్రపంచంలోని సర్వర్లలో అత్యధిక భాగాన్ని నడిపిస్తోంది. డబ్బు కట్టనక్కరలేదు. దొంగ కాపీ వేసుకున్నామన్న బెదురూ ఉండదు.

“అయితే విండోస్ తీసేసి అదొక్కటే పెట్టుకోవచ్చు కదా?” అని అడిగే మిత్రులున్నారు. తీసేయవద్దంటాను. మన తమ్ముళ్లు టైపు పరీక్షలకు, ట్యాలీకి, ఎమ్మెస్ ఆఫీసుకు తయారవ్వాలి. ఉద్యోగమిచ్చేవాడు అడిగేది అదే. తెలుగు డీటీపీ పని నేర్చుకోవాలన్నా అను ఫాంట్లు నడిచేది విండోస్ మీదే. అందుకని ఒక డ్రైవులో అన్నం పెట్టే విండోస్ ఉండాలి, ఇంకో డ్రైవులో స్వేచ్ఛనిచ్చే లైనక్స్ ఉండాలి. ఒకటి పడకేసినా రెండోదాన్లో హాల్ టికెట్ ప్రింటు తీసుకోవచ్చు. దరఖాస్తు చివరి తేదీ రాత్రి ఆ సుఖం విలువ హాస్టల్ పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. రాత్రిపూట గేటు దాటి నెట్ సెంటరుకు పోలేని బాలికల హాస్టళ్లకు ఇది ఇంకా అవసరం.

వరలు వేరైనా తలుపు ఒక్కటే అయితే?

ఇక్కడే ఒక మెలిక ఉంది. రెండు డ్రైవులు పెట్టాం కాబట్టి రెండూ విడివిడిగా ఉన్నాయని అందరూ అనుకుంటారు. చాలాసార్లు ఉండవు.

కంప్యూటరు ఆన్ చేయగానే ముందు లేచేది విండోసూ కాదు, లైనక్సూ కాదు. మదర్‌బోర్డులో ఉండే చిన్న ప్రోగ్రాము లేస్తుంది. పాతవాటిలో దాన్ని బయోస్ అంటారు, కొత్తవాటిలో యూఈఎఫ్ఐ. అది ర్యామునూ కీబోర్డునూ డిస్కులనూ పలకరించి, తర్వాత ఎవరిని లేపాలో తన జాబితాలో చూసుకుంటుంది. యూఈఎఫ్ఐ పద్ధతిలో డిస్కు మీద ఈఎస్‌పీ అనే చిన్న భాగం ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టంను లేపే ఫైళ్లు అందులో ఉంటాయి. ఇంట్లోకి పోవడానికి తలుపు అదే అనుకోండి.

విండోస్ ఉన్న పెట్టెలో రెండో డ్రైవు తగిలించి ఉబుంటు వేస్తే, ఇల్లు రెండో డ్రైవులో కడుతుంది గానీ తలుపు మాత్రం చాలాసార్లు మొదటి డ్రైవు ఈఎస్‌పీలోనే పెడుతుంది. విండోస్ కూడా ఇదే పని చేస్తుంది, ముందే ఒక డిస్కులో తలుపు కనిపిస్తే తన ఫైళ్లు అందులోనే పెట్టేస్తుంది. అంటే ఇళ్లు రెండు, వాకిలి ఒక్కటి. మొదటి డిస్కు పాడైతే బాగున్న రెండో ఇంట్లోకి కూడా పోలేం. మొదటిది ఫార్మాట్ కొట్టినా అంతే. “అన్నా, విండోస్ వేయించాను, లైనక్స్ మాయమైపోయింది” అని తమ్ముళ్లు చెప్పేది ఇదే. లైనక్స్ ఎక్కడికీ పోలేదు. తలుపు పోయింది.

దీనికి పెద్ద విద్య అక్కరలేదు. వేసేటప్పుడే జాగ్రత్తపడాలి. స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, విండోస్ డిస్కు కేబుల్ తీసేయండి. రెండో డిస్కు ఒక్కటే ఉంచి దాంట్లో లైనక్స్ వేయండి. తలుపు దానికే పెట్టుకుంటుంది. తర్వాత మళ్లీ ప్లగ్గు పీకి మొదటి కేబుల్ తగిలించండి. ఆన్ చేసేటప్పుడు బూట్ మెనూలో ఏది కావాలంటే అది ఎంచుకోవచ్చు. ఇప్పుడు ఒకదాని మీద ఇంకొకటి ఆధారపడదు.

చచ్చిందన్న డిస్కు లేచింది

మా హాస్టల్ గదిలో ఉన్నది పూర్వ విద్యార్థులు ఇచ్చిన పాత పెట్టె. ఒక హార్డ్ డిస్కులో విండోస్, చిన్న ఎస్‌ఎస్‌డీలో ఉబుంటు. ఒక వేసవి సాయంత్రం కరెంటు పోయి వచ్చాక తెర మీద బూట్ చేయడానికి డిస్కు లేదన్న ఒక్క ఇంగ్లీషు ముక్క నిలబడిపోయింది. విండోస్ లేదు, ఉబుంటు లేదు. దుకాణంలో చూపిస్తే రెండూ పోయాయి, కొత్తవి వేయాలి అన్నారు. రెండు డిస్కులు ఒకే నిమిషంలో కలిసి చావడమేమిటని నాకూ నా మిత్రులకూ అనుమానం వచ్చింది. పెట్టె వెనక్కి తెచ్చుకున్నాం.

డిలీట్ మీట నొక్కి బయోస్ సెట్టింగుల్లోకి పోతే మొదట కనిపించింది తేదీ. పదేళ్లకు పైగా వెనక్కి పోయి ఉంది. దాని కింద రెండు డిస్కుల పేర్లూ ఉన్నాయి. పేరు చెప్పి పలుకుతున్నవాళ్లు చచ్చినవాళ్లు ఎట్లా అవుతారు? బూట్ పద్ధతి మాత్రం యూఈఎఫ్ఐ నుంచి పాత లెగసీ పద్ధతికి మారిపోయి ఉంది. తేదీ సరిచేసి, పద్ధతి యూఈఎఫ్ఐకి మార్చి, భద్రపరచి బయటికొచ్చాం. రెండూ లేచాయి. మరునాడు ఉదయం మళ్లీ అదే కథ. అప్పుడు అసలు సంగతి అర్థమైంది. మదర్‌బోర్డు మీద నాణెమంత బిళ్ల బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032 అంటారు. మూడు వోల్టులది. కరెంటు లేనప్పుడు గడియారాన్నీ సెట్టింగులనూ అదే కాపాడుతుంది. అది అయిపోయింది. గడియారాల దుకాణంలో దొరికే ఆ బిళ్ల మార్చాం. అంతే. రెండు కొత్త డిస్కులు కొనాల్సిన అవసరం, వాటితోపాటు పాత ఫైళ్లన్నీ పోగొట్టుకోవాల్సిన అవసరం ఒక బిళ్లతో తప్పింది.

తడిమి చూసే వరస

ఆ రోజు నుంచి మేమొక వరస రాసుకున్నాం. దాన్ని ఇక్కడ పెడుతున్నాను. తమ్ముళ్లూ చెల్లెళ్లూ కాగితం మీద రాసి కంప్యూటరు గది గోడకు అంటించుకోవాలని నా మనవి.

మొదట, కరెంటు. ఫ్యాను తిరుగుతోందా, మానిటరు కేబుల్ గట్టిగా ఉందా, డిస్కుల కేబుళ్లు వదులయ్యాయా? లోపల చెయ్యి పెట్టేముందు ప్లగ్గు తప్పకుండా పీకాలి.

రెండు, సెట్టింగులు. డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కి లోపలికి పోవాలి. తేదీ సరిగా ఉందా, రెండు డిస్కుల పేర్లూ ఉన్నాయా చూడాలి. పేరు లేకపోతే కేబుల్ మార్చి చూడాలి. పేరు ఉంటే సగం భయం పోయినట్టే.

మూడు, బూట్ మెనూ. ఎఫ్12, ఎఫ్11, ఎఫ్8, ఎస్కేప్ వీటిలో ఏదో ఒకటి కంపెనీని బట్టి పనిచేస్తుంది. అక్కడ ఒక్కొక్క డిస్కునూ నేరుగా ఎంచుకుని లేపి చూడాలి. నేరుగా ఎంచుకుంటే విండోస్ లేచి, లైనక్స్ చూపించే గ్రబ్ మెనూ ద్వారా మాత్రం లేవకపోతే, విండోస్‌కు ఏ జబ్బూ లేదు. మెనూకే జబ్బు.

నాలుగు, ఒక్కొక్కటి విడిగా. ప్లగ్గు పీకి ఒక డిస్కు కేబుల్ తీసి రెండోదాన్ని ఒంటరిగా లేపి చూడాలి. ఒంటరిగా లేవనిది ఇంకొకరి తలుపు మీద ఆధారపడి ఉంది.

ఐదు, పెన్ డ్రైవు. లైనక్స్ ఉన్న పెన్ డ్రైవుతో కంప్యూటరును లేపితే డిస్కులను కదిలించకుండా లోపలి ఫైళ్లు చూడవచ్చు. మరమ్మతు తర్వాత, ముందు ఫైళ్లు వేరే చోటికి కాపీ చేసుకోవాలి. ఇల్లు కాలేటప్పుడు ముందు పిల్లలను బయటికి తెస్తాం, తర్వాతే నీళ్లు పోస్తాం.

ఆరు, ఈ ఐదూ అయ్యాక ఇంకా దారి లేకపోతే అప్పుడు ఫార్మాట్. అదీ జబ్బున్న డిస్కుకే.

జబ్బు కాని జబ్బులు

కొన్ని చూడ్డానికి జబ్బుల్లా ఉంటాయి, కావు. లైనక్స్ వాడి విండోస్‌లోకి పోతే గడియారం సరిగ్గా 5 గంటల 30 నిమిషాలు వెనక్కి చూపిస్తుంది. పెట్టెలోని గడియారాన్ని విండోస్ మన దేశ కాలంగా చదువుతుంది, లైనక్స్ ప్రపంచ ప్రామాణిక కాలంగా రాస్తుంది. ఆ రెంటికీ తేడా సరిగ్గా అయిదున్నర గంటలు. ఇద్దరిలో ఒకరి పద్ధతి మార్చమని ఒక్క ఆజ్ఞ ఇస్తే చాలు.

లైనక్స్ నుంచి విండోస్ డ్రైవు తెరిస్తే చదవనిస్తుంది, రాయనివ్వదు. డిస్కు పాడైందని కంగారుపడతారు. 2012లో విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు కారణం. షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా పడుకోదు, ఒక కన్ను తెరిచే పడుకుంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో దాన్ని ఆపేస్తే సరి.

లైనక్స్ కొత్తగా వేశాక మెనూలో విండోస్ పేరు కనిపించకపోవడం ఇంకొకటి. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి పక్క సిస్టంలను వెతికే పనిని భద్రత కోసం మామూలుగా ఆపి ఉంచుతున్నారు. కావాలంటే మనమే ఆన్ చేసుకోవాలి. విండోస్ ఉన్నచోటే ఉంటుంది.

ప్రపంచమంతా ఒకేసారి ఎదుర్కొన్న సంగతి కూడా ఉంది. 2024 ఆగస్టు 13న మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన భద్రతా అప్‌డేట్ తర్వాత, రెండు సిస్టంలున్న చాలా కంప్యూటర్లలో లైనక్స్ లేవడం మానేసింది. రెండు సిస్టంలున్న పెట్టెలకు దీన్ని వర్తింపజేయబోమని ఆ సంస్థ ముందు చెప్పింది. కానీ కొన్ని పెట్టెల్లో రెండో సిస్టం ఉందన్న సంగతి ఆ అప్‌డేట్ గుర్తుపట్టలేకపోయింది. పాత గ్రబ్‌లోని లోపాన్ని అడ్డుకోవడానికి పెట్టిన కాపలా, మంచివాళ్లను కూడా గేటు దగ్గరే ఆపేసింది. శాశ్వత పరిష్కారం 2025 మే నెల అప్‌డేట్‌తో వచ్చింది. తొమ్మిది నెలలు! ఆ లోపల తెలిసినవాళ్లు ఏం చేశారు? సెట్టింగుల్లో సెక్యూర్ బూట్ తాత్కాలికంగా ఆపి, లైనక్స్‌లోకి పోయి ఆ నిషేధ జాబితాను తీసేసి, మళ్లీ సెక్యూర్ బూట్ ఆన్ చేసుకున్నారు. పది నిమిషాల పని. తెలియనివాళ్లలో ఎందరో ఫార్మాట్ కొట్టించుకుని ఉంటారు. ఇక్కడొక జాగ్రత్త. విండోస్ డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటే, సెక్యూర్ బూట్ మార్చగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ అంకెలు ముందే కాగితం మీద రాసిపెట్టుకోకుండా ఆ సెట్టింగు జోలికి పోకండి.

“ముట్టుకోవద్దండ్రా!”

ఇంత చెప్పాక కూడా హాస్టల్‌లో మొదట వినిపించే మాట ఒకటుంది. “రేయ్, దాన్ని ముట్టుకోవద్దండ్రా, చెడిపోతాది!” కంప్యూటరుకు గుడ్డ కప్పి, గదికి తాళం వేసి, వార్షికోత్సవం రోజు గుడ్డ తీసి అతిథులకు చూపిస్తాం. వార్డెన్లను నేను తప్పుపట్టను. ప్రభుత్వ ఆస్తి రిజిస్టరులో ఎక్కిన వస్తువు పాడైతే సంజాయిషీ రాయాల్సింది వాళ్లే. భయపడటంలో న్యాయముంది. కానీ ఆ మాట మనం ఎక్కడ విన్న మాట? మన తాతలు బావి దగ్గర విన్నారు, గుడి మెట్ల దగ్గర విన్నారు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేడ్కర్ మహాడ్‌లో చవ్‌దార్ చెరువు నీళ్లు తాగింది దాహం తీర్చుకోవడానికి మాత్రమే కాదు. ముట్టుకునే హక్కు కోసం. వార్డెను గారి మాటకూ ఆ మాటకూ పోలిక పెట్టడం నా ఉద్దేశం కాదు. తరతరాలుగా ఆ మాట విన్న పిల్లలు దాన్ని ఎంత తొందరగా నమ్మేస్తారో చెప్పడం నా ఉద్దేశం. ఎవరూ వద్దనకపోయినా మన చెయ్యి దానంతటదే వెనక్కి పోతోంది. అది పోవాలి.

ఇంకో వింత చూడండి. మన పక్కనే శ్రీసిటీలో 2015 నుంచి ఫాక్స్‌కాన్ కర్మాగారంలో మొబైల్ ఫోన్లు తయారవుతున్నాయి. ఆ వరసల్లో నిలబడి స్క్రూలు బిగించేవాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలే. దేశానికి ఫోన్లు బిగించి ఇస్తున్న చేతులు మన అక్కచెల్లెళ్లవి. అదే చేతులు హాస్టల్‌లో సీపీయూ మూత తీస్తే చెడిపోతుందా?

“పిల్లల దగ్గర ఫోన్లున్నాయి, కంప్యూటరు ఎందుకు?” అనేవాళ్లకు కూడా ఒక మాట. జేఈఈ మెయిన్ ఇంజనీరింగ్ పేపరు 2019 నుంచి పూర్తిగా కంప్యూటరు మీదే రాస్తున్నారు. మన ఈఏపీసెట్ కూడా కంప్యూటరు మీదే. పరీక్ష హాలులో మొదటిసారి మౌసు పట్టుకునే పిల్ల, పక్క సీటులో ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్న పిల్లతో పోటీపడాలి. ఫోను మీద వేలితో తోయడం ఆ పరీక్షకు పనికిరాదు.

“పిల్లలు పాడుచేస్తే?” అన్నది అన్నిటికంటే గట్టి ప్రశ్న. పాడుచేస్తారు. కొంత పాడవకుండా ఎవరికీ ఏదీ రాదు. అందుకే రెండు డ్రైవులు అంటున్నాను. నేర్చుకునేవాళ్లు లైనక్స్ డ్రైవు మీద నేర్చుకోవాలి. అప్పుడు విండోస్ డిస్కు కేబుల్ తీసి పక్కన పెట్టేస్తే దానికి ఏ హానీ జరగదు. ఎన్నిసార్లు పాడైనా పెన్ డ్రైవుతో అరగంటలో మళ్లీ వేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు.

ఇది గాలిలో మేడలు కట్టడం కాదు. కేరళలో 2001లో మొదలైన ఐటీ@స్కూల్ పథకం, 2017లో కైట్ సంస్థగా మారి, ప్రభుత్వ పాఠశాలల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే పిల్లలకు కంప్యూటరు నేర్పిస్తోంది. మనకు దగ్గరైన బెంగళూరులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు ఒక బస్తీలో అంబేడ్కర్ కమ్యూనిటీ కంప్యూటింగ్ సెంటర్ పెట్టి, పాత కంప్యూటర్ల మీద లైనక్స్ వేసి కూలీల పిల్లలకు నేర్పారు. ఆ పిల్లలు గింప్‌తో బొమ్మలు వేశారు. మన తెలుగులో స్వేచ్ఛ సంస్థ వాలంటీర్లు, ఎక్కువమంది ఇంజనీరింగ్ విద్యార్థులే, లైనక్స్ తెరను తెలుగులోకి తెచ్చారు. మెనూలు తెలుగులో ఉంటే ఆరో తరగతి పిల్లాడు కూడా ఇంగ్లీషు భయం లేకుండా ముందు కంప్యూటరు భయం పోగొట్టుకుంటాడు. ఇంగ్లీషు తర్వాత ఎట్లాగూ నేర్చుకుంటాడు.

మనం చేయవలసింది

పూర్వ విద్యార్థులైన అన్నలకూ అక్కలకూ నా విన్నపం. మీరు వార్షికోత్సవానికి ఇచ్చే చందాలో ఈసారి గోడ గడియారాలు, షీల్డులు తగ్గించండి. ఒక్కో హాస్టల్‌కు ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ, రెండు పెన్ డ్రైవులు, ఒక స్క్రూడ్రైవరు, నాలుగు బిళ్ల బ్యాటరీలు ఇవ్వండి. మీ ఆఫీసుల్లో పక్కన పడేసే పాత కంప్యూటర్లు అడిగి తీసుకురండి. వీలైతే ఒక ఆదివారం వచ్చి మూత తీసి చూపించండి. వస్తువు కంటే ఆ ఆదివారం ఎక్కువ విలువైనది.

వార్డెను గారికి నా మనవి. గది తాళం ఒకటి ఇద్దరు విద్యార్థుల బాధ్యతలో పెట్టించండి. పెట్టె పక్కన ఒక నోటు పుస్తకం కట్టించండి. ఏ తేదీన ఏం జరిగింది, తెర మీద ఏ మాట కనిపించింది, ఎవరు ఏం చేశారు, ఎట్లా బాగైంది అన్నీ అందులో రాయాలి. రిజిస్టరు రాసినట్టే. మూడేళ్లకు మనం వెళ్లిపోతాం, పుస్తకం ఉంటుంది. మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ని నేనే మొదటివాణ్ని. ఏదైనా తెలియకపోతే అడగడానికి ఇంట్లో మనిషి లేడు. ఈ సంచిక చదివే చాలామంది ఇళ్లలోనూ అంతే. ఇంట్లో చెప్పేవాళ్లు లేనప్పుడు సీనియర్లు రాసిపెట్టిన పుస్తకమే మనకు పెద్దన్న.

తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ చివరిగా చెప్పేది ఇది. కంప్యూటరు లేవకపోతే ముందు తెర మీద ఉన్న మాటను అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద రాసుకోండి. ఇంగ్లీషులో ఉందని భయపడొద్దు, అది తిట్టు కాదు, జబ్బు పేరు. ఆ తర్వాత వరస ప్రకారం ఒక్కొక్కటి తడిమి చూడండి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. చేసింది రాసిపెట్టండి. తెలియకపోతే అడగండి. ఎవరైనా “ఫార్మాట్ కొట్టేద్దాం” అంటే ఒక్క ప్రశ్న వేయండి. “డిస్కు పేరు కనిపిస్తోందా, లేదా?” ఆ ప్రశ్న అడగడం వచ్చిన రోజు ఆ పెట్టె మన హాస్టల్‌కు ఎవరో ఇచ్చిన దానం కాకుండా పోతుంది. అది మనదవుతుంది.

జై భీమ్.

— ఎం.ఎస్సీ. (కంప్యూటర్ సైన్స్) ద్వితీయ సంవత్సరం విద్యార్థి, తిరుపతి